ఎవరు చెయ్యెత్తినా ఆగాలి

మొన్న గ్యాసు బండ కోసం ఫోన్ చేశాను. అవతల మనిషి లేడు. ఏదో యంత్రం ఆడగొంతుతో, "మీకు ఏ సేవ కావాలో చెప్పండి" అంది. చెప్పాను. "క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు" అంది. రెండోసారి లేచి నిలబడి, చెంగు సర్దుకుని, బళ్ళో టీచరుకి పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అప్పుడు ఒప్పుకుంది. ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఆ వెంటనే బాబాయ్ గుర్తొచ్చాడు. నవ్వు సగంలో పోయింది.

బాబాయ్ పోయి నెల దాటింది.

ఆయనైతే లేచి నిలబడేవాడు కాదు. టీ తాగే వేళ ఫోను స్పీకర్లో పెట్టి, ఇనప కడ్డీల కట్ట మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ మాట్లాడేవాడు.

"నాను మాటాడతన్నాను బాబూ. గేసు కావాల."

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు."

"పరవానేదు. కొత్తోడివి కదేటి. మల్లీ సెప్తాను, తాపీగా ఇను."

మేమంతా చుట్టూ చేరి పడీపడీ నవ్వేవాళ్ళం. ఒకసారి నేనే ఉండబట్టలేక, "బాబాయ్, నాను అంటే దానికి తెల్దు. నేను అను. కావాలి అను. బండ బేగొచ్చీత్తాది" అన్నాను.

"నాను కాస్తా నేనైపోతే ఆడెలగ నేర్సుకుంతాడే గుంటా? రేపు ఇంకో ముసిలోడు ఫోన్ సేత్తాడు. ఆడికీ ఇదే పాట కదేటి. ఎవుడో ఒకడు సెప్పాల ఆడికి."

నలభై దాటిన నన్ను గుంటా అని పిలిచే మనిషి ఆయనొక్కడే. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఆ యంత్రానికి చివరిదాకా బాబాయ్ మాట తెలియలేదు. గాజువాక దాకా బస్సులో వెళ్ళి బండ రాయించుకొచ్చేవాడు. అయినా వచ్చే నెల మళ్ళీ ఫోన్ చేసేవాడు. విసుగు లేదు, కోపం లేదు. పసిపిల్లకి మాటలు నేర్పేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, ఆయన ముఖం అలా ఉండేది.

ఇదంతా కాగితం మీద పెడదామని కూర్చున్నాను గానీ భయంగా ఉంది. ఐదో తరగతి తర్వాత నేను రాసినవి సంతకాలూ రేషను ఫారాలే. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చుక్క పెట్టాలో తెలీదు. ఆయన ఏ సంవత్సరంలో పుట్టాడో తెలీదు. సొంతూరు ఎలమంచిలి దగ్గర ఎక్కడో అని మాత్రం తెలుసు. పేరు తెలుసు, కానీ రాయను. యార్డులో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. మగవాళ్ళకి బావ, ఆడవాళ్ళకి బాబాయ్. నాకు బాగా తెలిసినవి ఆయన చేతులు. అవే రాస్తాను.

మాది ఆటోనగర్ వెనకాల ఇనుము దించుకునే యార్డు. కడ్డీల కట్టలు లారీల మీద వస్తాయి. క్రేనుతో దించి పేరుస్తారు. మళ్ళీ క్రేనుతో ఎత్తి పోర్టుకి పంపుతారు. ఏ కట్ట ఏ రకమో తెలియడానికి కడ్డీల చివర్లకి రంగు వెయ్యడం నా పని. ఒక రకానికి ఎరుపు, ఒక రకానికి పసుపు. క్రేను డ్రైవరు ఎక్కడో పైన అద్దాల గదిలో కూర్చుంటాడు. అక్కణ్ణుంచి చూస్తే మేం చీమలం. కట్ట అడ్డొస్తే చీమలం కూడా కాదు, అసలు కనిపించం. అందుకని కింద ఒక మనిషి నిలబడి చేతులతో చెప్పాలి. ఎత్తు, దించు, పక్కకి తిప్పు, మెల్లగా, ఆపు. ఆ మనిషి బాబాయ్.

సన్నగా, పొట్టిగా ఉండేవాడు. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పొడుగ్గా ఉండేవి. కుడిచేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ లేవు. వయసులో ఉండగా ఏదో తాడులో పడి పోయాయట. "ఉన్నయి మూడు సాలు. లోడుకేటి లెక్కలొచ్చా?" అనేవాడు.

చలికాలం పొద్దున్నే సముద్రం మీంచి పల్చటి మంచు వచ్చి యార్డంతా పాలు కలిపిన నీళ్ళలా ఉండేది. క్రేను చెరిపేసిన పెన్సిలు గీతలా కనిపించేది. ఆ గీత కిందనుంచి కట్ట తనంతట తానే దిగుతున్నట్టు వచ్చేది. దాని కింద మూడు వేళ్ళ చెయ్యి గాలిని నిమురుతూ ఉండేది. అంత బరువు ఇనుమూ ఆ చెయ్యి చెప్పినట్టు విని, నిద్రపోతున్న బిడ్డని పక్కమీద వేసినట్టు నేల మీద వాలేది. నాకది ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో ఇనుముకి చప్పుడుండదు.

ఆ గుర్తులన్నీ ఆయన పని అయిపోయాక కూడా వాడేవాడు. టీ ఇచ్చే అప్పాయమ్మ గొంతు పెద్దదైతే, అరచెయ్యి నేలవైపు పెట్టి 'దించు' అనేవాడు. ఎవరైనా బండి మీద జోరుగా వస్తే ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి పెట్టి 'మెల్లగా' అనేవాడు. మా అమ్మాయి పది పాసైందని చెప్పినప్పుడు చూపుడువేలు ఆకాశంకేసి పెట్టి గుండ్రంగా తిప్పాడు. 'ఎత్తు, ఇంకా ఎత్తు' అని.

నేను పనిలో చేరిన కొత్తలో ఒకరోజు కట్ట పైకి లేస్తోంది. నేను రంగు డబ్బా పట్టుకుని పక్కనే ఉన్నాను. క్రేను తాడులో ఒక తీగ విడిపోయి, జడలోంచి జారిన వెంట్రుకలా గాల్లో ఊగడం కనిపించింది. నోరు పెగల్లేదు. రెండు చేతులూ ఎత్తేశాను. డ్రైవరు నన్ను చూశాడు. చూసి కూడా ఎత్తుతూనే ఉన్నాడు. బాబాయ్ తాడు వైపు చూడలేదు. నా వైపే చూశాడు. చూసిన మరుక్షణం తన చెయ్యెత్తాడు. క్రేను ఆగింది. కట్ట దించాక చూస్తే తాడు సగానికి సగం తెగి ఉంది.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. బాబాయ్ మెచ్చుకోలేదు. పైకి చూసి డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా, గుంట సెయ్యెత్తితే సూసినావా నేదా?"

"సూసినాను బావా. ఆ అమ్మి సిగ్నలు మనిసి కాదు కదా."

"ఎత్తమంటానికి సిగ్నలు మనిసి కావాల. దించమంటానికి కావాల. ఆపమంటానికి ఎవుడైనా సాలు. ముందు ఆపు. ఎందుకో తరవాత అడుగు."

ఇది ఆయన కనిపెట్టిన మాట కాదు. క్రేను పనిలో ఎప్పట్నుంచో ఉన్న కట్టడే. కానీ దాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఆ రోజు నుంచి డ్రైవర్లు నా చేతులకేసి కూడా చూడడం మొదలుపెట్టారు.

రెండేళ్ళ కిందట యార్డు వాళ్ళు క్రేనుకి కెమెరాలు పెడతామన్నారు. ఇక డ్రైవరు పైన ఉండడు, ఆఫీసు గదిలో తెర ముందు కూర్చుంటాడు. కింద మనుషుల చేతుల్ని కెమెరా చూస్తుంది. ఏఐ అర్థం చేసుకుని క్రేనుని ఆపుతుంది. ఏఐ అన్న మాట బాబాయ్ చెవిలో "ఏయ్" అని పడింది. ఇక అప్పట్నుంచి దాని పేరు ఏయ్ గాడు.

"ఏయ్ గాడొత్తన్నాడంట. సూద్దారి ఎలగుంతాడో."

దానికి చేతి గుర్తులు నేర్పడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో ఉండిపోయారట. ఇతను ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో భాష వదల్లేదు. నెమ్మదస్తుడు. బాబాయ్‌కి నారింజ రంగు జాకెట్టు తొడిగి, తెల్ల గ్లౌజులు ఇచ్చాడు. కుడి గ్లౌజులో రెండు వేళ్ళు ఖాళీగా వేలాడాయి. కెమెరా అయిదు లెక్కపెడుతుందని ఇంజనీరు వాటిలో దూది కుక్కాడు.

"ఓలప్పా! ఇన్నాల్లకి నా యేల్లు తిరిగొచ్చినాయర్రా" అన్నాడు బాబాయ్, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

ఎత్తు చూపించాడు. దించు చూపించాడు. తిప్పు, మెల్లగా, అన్నీ చూపించాడు. కొత్త బడిలో చేరిన పిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు ఒక్కోటీ నాలుగుసార్లు చేశాడు. చివరికి ఇంజనీరు, "ఇప్పుడు ఆపు అనండి బాబాయ్ గారూ" అన్నాడు.

బాబాయ్ చేతులు దించేసుకున్నాడు.

"ఇది నా ఒక్కడిదీ కాదు బాబూ" అని వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏయ్, అందరూ రండర్రా! బేగి రండి!"

అందరం వచ్చి వరసలో నిలబడ్డాం. అప్పాయమ్మ ఒక చేత్తో టీ క్యాను పట్టుకుని రెండో చెయ్యి మోచేతి దాకానే లేపింది, ఆవిడకి భుజం పట్టేసి చాలా కాలం అయింది. లారీ డ్రైవరు తువ్వాలు ఊపాడు. కాటా దగ్గర రాసుకునే ఆయన పెన్ను చెవికి పెట్టుకుని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఎవరి ఆపు వాళ్ళదే. ఒకరిలా ఒకరు చెయ్యలేదు.

ఇంజనీరు కెమెరా ఆపేశాడు.

"బాబాయ్ గారూ, ఒక్క మనిషి, ఒక్క గుర్తు చాలండి. ఇవన్నీ పెడితే నాయిస్ అయిపోతుంది."

"నాయిస్ అంటే ఏటి?"

"అంటే... అక్కర్లేని గోల అండి. యంత్రానికి అడ్డం."

ముందు అప్పాయమ్మే తేరుకుంది. "ఇన్నేల్లు టీలిచ్చి ఇచ్చి ఆకరికి గోలైపోనాను సూడండర్రా!" అంది. నవ్వాం గానీ ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది.

బాబాయ్ నవ్వలేదు.

"రేపు నాను అటు తిరిగి ఉంతాను. ఈ గుంట సెయ్యెత్తుతాది. మీ ఏయ్ గాడు ఆగుతాడా?"

ఇంజనీరు అబద్ధం చెప్పలేదు. "ఆగదండి. జాకెట్టూ గ్లౌజూ ఉన్న చెయ్యినే చూస్తుంది."

"అయితే మార్సు."

"అది నా చేతిలో లేదండి. యంత్రం ఎవర్ని చూడాలి, ఎవరి మాట వినాలి, ఇలాంటి రూళ్ళు పైన రాస్తారు."

"పైనంటే, ఆఫీసులోనా?"

"ఇంకా పైన. దేశాలన్నీ కూర్చుని రాసుకుంటున్నాయి. మా కంపెనీ వాటిని బట్టి నడుస్తుంది."

"ఆ కూకున్నోలల్ల కిందన నిలబడ్డోడు ఎవుడైనా ఉన్నాడేటి?"

ఇంజనీరు కెమెరా మూత పెట్టుకుంటూ ఆలోచించాడు. "తెలీదండి" అన్నాడు.

"అయితే నన్నట్టుకెల్లు."

అందరం వేళాకోళం అనుకున్నాం. ఆ ఇంజనీరు అనుకోలేదు. కొన్ని నెలలు పోయాక వచ్చి, మన ఊళ్ళోనే ఒక సభ జరుగుతోంది, చాలా దేశాల వాళ్ళు వస్తున్నారు, ఏఐకి రూళ్ళు రాసేముందు జనం మాట వింటారట, బాబాయ్‌కి రెండు నిమిషాలు మాట్లాడే వీలు దొరికింది అన్నాడు. తోడుగా ఒకరు రావచ్చట. బాబాయ్ నన్ను రమ్మన్నాడు. "నువ్వే కదే ఎత్తినావు సెయ్యి" అన్నాడు.

బీచి రోడ్డులో పెద్ద హోటలు. పై అంతస్తులో హాలు. ఒక పక్క గోడంతా అద్దమే. అద్దం అవతల సముద్రం. అలలు వచ్చి విరుగుతున్నాయి, చప్పుడు లేదు. దూరంగా ఓడలు నీటి మీద కాక గాలి మీద నిలబడ్డట్టున్నాయి. కింద తివాచీ ఎంత మెత్తగా ఉందంటే నా కాళ్ళు నాకు తెలియలేదు. నడవడం లేదు, ఎవరో నన్ను తాడు కట్టి మెల్లగా పక్కకి తిప్పుతున్నట్టుంది. అందరి ముందూ పేర్ల పలకలు. రకరకాల రంగుల మనుషులు, రకరకాల బట్టలు, అందరూ నెమ్మదిగా, నిద్రలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

బాబాయ్ హాలంతా ఒకసారి చూసి నా చెవిలో అన్నాడు. "అందరూ పైనుండే డ్రైవర్లే ఉన్నారే ఇక్కడ."

"మెల్లగా మాటాడు బాబాయ్."

"కిందనోలం మనిద్దరివేనేటి?"

"అందుకే కదా పిలిసినారు."

"సాలతావేటి, ఇంత లోడుకి?"

వేదిక మీద పెద్ద తెర ఉంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఏఐ విని, ఆ మాటలు ఆ భాషలో పైనా, ఇంగ్లీషులో కిందా వేస్తోంది. మూలన అంకెలు తగ్గుతూ ఉంటాయి. అవి సున్నా అయితే టైము అయిపోయినట్టు. బాబాయ్‌ని పిలిచారు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. చదువు రాదు కాబట్టి తెర వైపు చూడలేదు. జనం వైపే చూశాడు.

"నాను క్రేను కిందన పని సేత్తాను" అన్నాడు.

తెర మీద పడింది. 'నాన్న క్రేను కింద పని చేస్తాడు.'

చిన్న తప్పే కదా అనుకున్నాను. బాబాయ్ సాగిపోతున్నాడు. "మా యార్డుల నానెత్తినా ఆపాల, నా పక్కనున్న గుంట ఎత్తినా ఆపాల. ఆపకపోతే మా బతుకేటి?"

'నాన్న ఎత్తినా ఆపాలి. నా పక్కన ఉన్న గుంట ఎత్తినా ఆపాలి. ఆపకపోతే మా బతుకు ఏటి.'

కింద ఇంగ్లీషు నాకు రాదు. పక్కనున్న ఇంజనీరు ముఖం మారిపోయింది. "ఏం రాసింది?" అని అడిగాను.

"వాళ్ళ నాన్న గురించి చెబుతున్నాడని రాసిందండి. మిమ్మల్ని గొయ్యి అంది. ఆపకపోతే మా బతుకు నదిది అని రాసింది."

హాల్లో చూశాను. ముందు వరసలో ఒకాయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరో తల ఊపుతూ రాసుకుంటున్నారు. ఏం రాసుకుంటున్నారో నాకు తెలుసు. నది. ఎవరి నాన్నో, ఏ గొయ్యో, ఏ నదో. అద్దం అవతల సముద్రం, లోపల లేని నది. అందరూ ఆ నదిలో హాయిగా తేలిపోతున్నారు. బాబాయ్ మాట మాత్రం ఎవరికీ చేరలేదు.

"ఆపమని చెప్పండి ఎవరికైనా" అన్నాను.

"మధ్యలో ఆపితే టైము పోతుందండి. ఉన్నవి రెండే నిమిషాలు."

అంకెలు తగ్గుతున్నాయి. ఇది తప్పో ఒప్పో నాకు తెలీలేదు. లేచి నిలబడ్డాను. రెండు చేతులూ ఎత్తేశాను.

బాబాయ్ నన్ను చూశాడు. మాట మధ్యలోనే ఆగిపోయాడు. మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎందుకని అడగలేదు. కనుబొమ్మ కూడా కదల్లేదు. తెర ఖాళీ అయిపోయింది. అంకెలు మాత్రం పోతున్నాయి. తాడు తెగిన రోజు ఎలా చూశాడో అలాగే నా వైపు చూస్తున్నాడు. నాకు ఆ రోజులాగే నోరు పెగల్లేదు. ఆయన నిమిషాన్ని నేను మింగేస్తున్నానని తెలుసు. ఎంతకీ మాట రాదు.

చివరికి వచ్చింది. "బాబాయ్, నువ్వు సెప్పినట్టు అక్కడ పడతనేదు! నువ్వు ఏటి అంటే అది నది అని రాసీసినాది. నన్ను గొయ్యి అనీసినాది!"

బాబాయ్ మొదటిసారి తిరిగి తెర వైపు చూశాడు.

"నదా? నాను ఇనుం గురించి సెప్తంటే ఏయ్ గాడు నీలెట్టుకొచ్చినాడేటి?"

హాల్లో ఉన్న నలుగురైదుగురు తెలుగువాళ్ళు పకపకా నవ్వారు. గంట మోగింది. మధ్యలో కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన మర్యాదగా ఏదో అన్నాడు, థాంక్యూ ఒక్కటే నాకు తెలిసింది. ఇంజనీరు లేచి ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. పెద్దాయన విచారంగా గడియారం చూపించాడు.

అప్పుడు మూడో వరసలో, పసుపు గుడ్డ తలకి చుట్టుకున్న ఒక లావుపాటావిడ మాట్లాడే వీలు అడగడానికి తన ముందున్న పేరు పలక నిలువుగా పెట్టి ఏదో అంది. ఏ దేశమో నాకు తెలీదు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆవిడ తన రెండు నిమిషాలు బాబాయ్‌కి ఇచ్చేస్తోందట. పొద్దున్న వాళ్ళ దేశం మనిషి మాట్లాడినప్పుడు ఆ భాష కూడా తెర మీద సరిగ్గా పడలేదట.

ఇంజనీరు బాబాయ్ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. తెర ఆపేశారు. "కొంచెం పుస్తకంలో మాటల్లా చెప్పండి బాబాయ్ గారూ, నాకు తేలిగ్గా ఉంటుంది" అన్నాడు.

"నానెలగ సెప్తే అలగే సెప్పు నువ్వు" అన్నాడు బాబాయ్. ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఆయన చెప్పిందాంట్లో నాకు బాగా గుర్తున్నది రాస్తాను.

"బరువు కిందన నిలబడ్డోడు ఎవుడైనా సరే, ఆపంటే ఆగాల. ఆడు ఏ బాస మాటాడినా, ఆడికి యేల్లు ఎన్నున్నా. ఇంకోటి. మీరు రూల్లు రాసీసి, తరవాత మమ్మల్ని పిలిసి ఎలగున్నాయి అనడగకండి. రాసేటప్పుడు పిలవండి. కట్ట దించీసినాక సెయ్యెత్తి ఏటి లాభం?"

ఇంజనీరు ఒక్క మాటా వదలకుండా అంతా చెప్పాడు. ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. రాసుకున్నారు. తర్వాత టీ దగ్గర ఆ పసుపు గుడ్డావిడ బాబాయ్ దగ్గరికి వచ్చి, అరచెయ్యి కిందకి పెట్టి దించు గుర్తు చేసి చూపించింది. వాళ్ళ ఊళ్ళోనూ పోర్టు ఉందట. "బొటనేలు లోనకెట్టాల తల్లీ" అని బాబాయ్ ఆవిడ వేలు సరిచేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యలో ఎవరూ ఏమీ మార్చి చెప్పలేదు.

తిరుగు బస్సులో నేను ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. "నీ టైమంతా నానే తినీసినాను బాబాయ్" అన్నాను.

"తింటే తిన్నావు. నువ్వు ఆపకపోతే ఆలు నది రాసుకుని ఎల్లిపోదురు."

"ఎందుకని అడగనేదేటి మరి? అలగ నిలబడిపోనావు."

"ఆపినాక అడగాల. నానింకా ఆపతానే ఉన్నాను, నీకే నోరు రానేదు" అన్నాడు. కిటికీ వైపు తిరిగి చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ పెద్ద రూళ్ళ కాగితం ఇంకా రాస్తూనే ఉన్నారని ఇంజనీరు చెప్పాడు. అందులో బాబాయ్ మాట ఉందో లేదో నాకు తెలీదు. మా యార్డు వరకు మాత్రం అతను కంపెనీని పట్టుకుని వేధించి ఒప్పించాడు. మొన్న వేసవిలో మళ్ళీ కెమెరాలతో వచ్చాడు. జాకెట్టు లేదు, గ్లౌజు లేదు, దూది లేదు. అప్పాయమ్మ క్యానుతోనే నిలబడింది. నేను రంగు చేతులతోనే నిలబడ్డాను. అందరివీ తీశాడు. ఒక్క బాబాయ్‌దే తియ్యలేదు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు.

"ఆయనది లేకపోతే మిగతావన్నీ ఎందుకండీ?" అన్నాడు ఇంజనీరు. "మీరు ఫోనుతో తీసి పంపినా చాలు. మూడు వేళ్ళు కనిపించాలి."

ఆదివారం మధ్యాహ్నం కూర్మన్నపాలెంలో బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీ పక్కన మంచం. చేతులు ఇంకా పొడుగైనట్టున్నాయి, మనిషి అంత తగ్గిపోయాడు. పిన్ని, అంటే ఆయన భార్య, వంటింట్లో ఉంది.

"బాబాయ్, అందరివీ తీసీసినారు. నీదే మిగిలిపోనాది. సెయ్యెత్తు, ఫోన్లో తీసుకుంతాను."

"దేన్ని ఆపాల?"

"ఏటీ నేదు. ఉత్తినే ఎత్తు."

"ఉత్తినే ఎత్తకూడదే" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "లోడు నేకండా ఆపంటే... రేపు నిజంగా ఎత్తిన్నాడు ఎవుడు సూత్తాడు?"

అప్పుడు తట్టింది నాకు. అన్ని గుర్తులూ ఆటకి వాడిన మనిషి, ఈ ఒక్కటీ ఎప్పుడూ వాడలేదు. సాయంత్రం వెళ్ళొస్తానని అందరూ చెయ్యూపితే ఆయన తల ఊపేవాడు. బస్సుని తువ్వాలుతో ఆపేవాడు. ఇన్నేళ్ళూ అది ఆయన తీరు అనుకున్నాను. ఆ చెయ్యి ఆయన దాచుకున్నాడని తెలీదు.

ఇక బలవంతం చెయ్యబుద్ధి కాలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ మంచం మీదకి పాకింది. దుమ్ము కణాలు వెలుగులో మెల్లగా దిగుతున్నాయి, ఎవరో చేత్తో దించుతున్నట్టు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాకూ కునుకు పట్టినట్టైంది.

పిన్ని గంజి గిన్నె తెచ్చి గ్లాసులో పొయ్యడం మొదలుపెట్టింది.

"సాలే" అన్నాడు బాబాయ్ కళ్ళు తెరవకుండా.

ఆవిడ పోస్తూనే ఉంది. గ్లాసు సగం దాటింది.

"సాలంటంటే..." అని కళ్ళు తెరిచి చెయ్యెత్తాడు. అరచెయ్యి ముందుకి, మోచెయ్యి నిటారుగా, మూడు వేళ్ళూ బిగించి. యార్డులో ఎలా ఎత్తేవాడో అచ్చం అలాగే. నేను ఫోను నొక్కాను.

"నీ ఆపులు ఆ యార్డోలకి సూపించు. నా కాడ కాదు" అంది పిన్ని. గ్లాసు నిండా పోసి చేతికిచ్చింది. "తాగు."

బాబాయ్ నా వైపు చూసి, చూశావా అన్నట్టు నవ్వాడు. గ్లాసు తీసుకుని మెల్లగా అంతా తాగాడు.

ఆ వీడియో అదే రోజు పంపించాను. మర్నాడు పొద్దున్న యార్డులో ఉండగా ఇంజనీరు ఫోన్ చేశాడు.

"చాలా బాగా వచ్చిందండి. వేళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఇక్కడ ఫారంలో రెండు గళ్ళు నింపాలి. లోడు ఏమిటి అని ఉంది. ఏం రాయమంటారు?"

"గంజి" అన్నాను.

అతను రాసుకున్నాడు. "ఆపమన్నాక ఆగిందా అని ఇంకోటి ఉంది."

"ఆగలేదని రాయండి" అన్నాను.